మా జేబులు తడిమే వారికి

అన్ని పార్టీల మేనిఫెస్టో కమిటీల సభ్యులకు,

నమస్కారం.

ఈ లేఖ ఏదో ఒక పార్టీకి రాయడం లేదు. అలా రాస్తే మిగిలినవారు చప్పట్లు కొడతారు. ఆ సంతోషం మీలో ఎవరికీ కలిగించే ఉద్దేశం నాకు లేదు. అధికారంలో ఉన్నవారు, నిన్నటిదాకా ఉన్నవారు, ఎప్పటికైనా వస్తామనుకుంటున్నవారు, అందరూ చదవండి.

నేనొక ఓటరును. ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్ని ఎన్నికలకు పోలింగ్ కేంద్రంలో విధులు చేశాను, ఓట్లు లెక్కించే బల్ల దగ్గరా కూర్చున్నాను. ఎన్ని వేల ఓట్లు లెక్కపెట్టినా ఒక్క ఓటు మీద కూడా దాన్ని ఎందుకు వేశారో రాసి ఉండదు. ఎవరికి వేశారో తెలుస్తుంది, అంతే. కారణం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీని ఫలితాలు వచ్చిన సాయంత్రం మీరు నింపుతారు. గెలిచినవారు ప్రజలు విజ్ఞులంటారు. ఓడినవారు ప్రజలు తాయిలాలకు లొంగిపోయారంటారు. అవే ఓట్లు, అదే సాయంత్రం, ఒకే ప్రజలు.

ఈ మధ్య మీ మేనిఫెస్టోలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా చదివాను. అందులో నన్ను నేను వెతుక్కున్నాను. మూడు చోట్ల కనిపించాను. పింఛనుదారుగా ఒక చోట నాకు ఇస్తామన్నారు. పన్ను కట్టేవాడిగా ఇంకో చోట నా భారం తగ్గిస్తామన్నారు. రోగిని చూసుకునేవాడిగా మరో చోట ఆసుపత్రులు పెంచుతామన్నారు. ఒకే మనిషిని మూడు ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ ముక్క పంచారు. మొదటిదానికీ మూడోదానికీ అయ్యే ఖర్చు రెండోదాని నుంచి రావాలన్న సంగతి మాత్రం ఏ పుటలోనూ లేదు. నేను పౌరుడిగా కనిపించే చోటు ఉందేమో అని చివరిదాకా చూశాను. ముందుమాటలో ఒకసారి ఉంది, "ప్రియమైన ఓటరు మహాశయులకు" అని.

మీ కాగితాల వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: మనిషి తనకేం వస్తుందో చూసుకుని ఓటు వేస్తాడు. దీన్ని మీరు ఎంత గట్టిగా నమ్ముతున్నారంటే, పరీక్షించి చూడాల్సిన విషయంగా కూడా మీకు తోచడం లేదు. నేను కాస్త పరీక్షించాను. ఆ సంగతులు మీ ముందు పెట్టడానికే ఈ లేఖ.

ముందు అసలు లెక్క నుంచి మొదలుపెడదాం. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1957లో, ఓటరును పక్కా లెక్కల మనిషిగా ఊహించుకుని ఎన్నికలు ఎలా ఉంటాయో విశ్లేషించాడు. ఆ లెక్క తిరిగి తిరిగి ఒక వింత దగ్గర ఆగింది. ఒక మనిషి ఓటు వల్ల ఫలితం మారే అవకాశం దాదాపు శూన్యం. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికను తీసుకుని గణాంక నిపుణులు అంచనా కడితే, ఒక్క ఓటు ఆ ఎన్నికను తేల్చేసే అవకాశం సగటున ఆరు కోట్లలో ఒక వంతు అని తేలింది. మీరు ఎంత పెద్ద బహుమతి ప్రకటించినా ఆరు కోట్లతో భాగిస్తే మిగిలేది ఎంత? వరుసలో నిలబడిన సమయం విలువ కూడా రాదు. నిజంగా తన లాభం ఒక్కటే చూసుకునే మనిషి పోలింగ్ రోజున ఇంట్లో పడుకుంటాడు. అభ్యర్థుల గురించి తెలుసుకోవడానికి ఒక గంట కూడా వెచ్చించడు.

కానీ వస్తారు. నేను చూశాను. కాలికి కట్టు కట్టించుకుని, పక్కన మనిషి భుజం పట్టుకుని మెట్లెక్కిన పెద్దావిడను చూశాను. జాబితాలో తన పేరు లేదని తెలిసి, గెలుపోటములతో పని లేనట్టు, కేవలం పేరు లేనందుకు కళ్లనీళ్లు పెట్టుకున్న యువకుణ్ణి చూశాను. ఆ యువకుడి దుఃఖాన్ని మీ పంపకాల పట్టికలో ఏ గడిలో రాస్తారు?

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు దాన్ని ఎప్పుడూ పట్టించుకోరు. నేను డబ్బిచ్చి ఒక వస్తువు కొంటే, నేను ఎంచుకున్నదే నా చేతికొస్తుంది. తప్పు ఎంచుకుంటే నష్టపోయేదీ నేనే. అందుకే అక్కడ జాగ్రత్తగా ఉంటాను. ఓటు అలా కాదు. నేను ఎటు వేసినా నాకు దక్కేది కోట్ల మంది కలిసి ఎంచుకున్నదే. నా ఒక్కడి ఎంపికకు నేను చెల్లించాల్సిన మూల్యం దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఆ తెర వెనక మనిషి తన జేబు పక్కన పెట్టి, తాను ఎలాంటివాడినని అనుకుంటున్నాడో అలా ప్రవర్తించగలడు. ఉదారంగా ఉండగలడు, తనకు నష్టమైనా సరే న్యాయమనిపించిన దానికి వేయగలడు. అంతే సులువుగా ద్వేషంతోనూ వేయగలడు. తనకు ఏ హానీ చేయని మనుషుల మీద కక్షతో, తన ఇంటి పొయ్యి ఆరిపోయే విధానానికి కూడా ఓటు వేయగలడు. ఓటర్లను పొగడడానికి ఇది రాయడం లేదు. స్వార్థం లేకపోవడం అన్ని వేళలా మంచి లక్షణమేమీ కాదు. ఒక్కోసారి స్వార్థం ఉన్న మనిషే నయం, కనీసం అతనితో బేరమాడవచ్చు.

1980 అక్టోబరు 28న, అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌తో జరిగిన ఎన్నికల చర్చలో ఆయన ప్రత్యర్థి రొనాల్డ్ రీగన్ అమెరికా ఓటర్లను ఒక ప్రశ్న అడిగాడు. నాలుగేళ్ల కిందటి కంటే మీరు ఇప్పుడు మెరుగ్గా ఉన్నారా? ఎన్నికల ప్రచారంలో పనిచేసే వారంతా ఆ ప్రశ్నను జేబును సూటిగా తాకిన బాణంగా చెప్పుకుంటారు. మీ సభల్లోనూ దాని నకళ్లు ఎన్నో విన్నాను. ఆ ప్రశ్నను విన్నవాడు తన ఇంటి ఖర్చుల పుస్తకం తెరిచి చూసుకున్నాడని మీ ఊహ. కానీ దాదాపు అదే కాలంలో, 1979లోనూ 1981లోనూ, డొనాల్డ్ కిండర్, రోడరిక్ కీవియెట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా ఓటర్ల సర్వేలను తిరగేసి వేరే సంగతి బయటపెట్టారు. సొంత ఆర్థిక పరిస్థితి దిగజారిందన్న బాధ ఓటును అంతగా కదిలించడం లేదు. దేశం పరిస్థితి ఎలా ఉందన్న అంచనా మాత్రం బాగా కదిలిస్తోంది. ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, ఉద్యోగం ఉన్నవాడు, ఇద్దరూ తమ గురించి కంటే దేశంలో ఉద్యోగాలు పోతున్నాయా లేదా అన్నదాన్ని బట్టే ఎక్కువగా తీర్పు ఇస్తున్నారు. దీని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. దేశం బాగుంటే నేను బాగుంటానన్నది కూడా స్వార్థమే కదా అన్నవారున్నారు. ఉండనివ్వండి. నాకు నచ్చింది వేరే విషయం. తెలుగులో 'మీరు' అనే మాట గౌరవవాచకమూ అవుతుంది, బహువచనమూ అవుతుంది. 'మీరు బాగున్నారా' అని అడిగితే ఒక మనిషినో, ఇంటిల్లిపాదినో, ఊరందరినో అడిగినట్టు. రీగన్ ప్రశ్నను చాలా మంది ఆ రెండో అర్థంలో విన్నారని నాకు అనిపిస్తుంది. మీరు మాత్రం మొదటి అర్థం పట్టుకుని వేలాడుతున్నారు.

అయితే జేబుకు అసలు బలమే లేదా అంటే, ఉంది. ఎక్కడ ఉందో తెలుసుకోవడం ముఖ్యం.

అమెరికాలో డేవిడ్ సియర్స్, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన పరిశోధనలో నిరుద్యోగం, ఆరోగ్య బీమా లాంటి విషయాల మీద జనాభిప్రాయాన్ని పరిశీలిస్తే, ఆ విధానం వల్ల నేరుగా లాభపడేవారికీ లాభపడనివారికీ మధ్య తేడా చాలా స్వల్పంగా కనబడింది. చిన్నప్పటి నుంచి పట్టుకున్న విలువలు, పార్టీ అభిమానం, ఇష్టాయిష్టాలే పెత్తనం చేశాయి. తర్వాత వేరే పరిశోధకులు సిగరెట్ల మీద పన్ను, బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద ఆంక్షల గురించి పరిశీలించినప్పుడు మాత్రం తేడా పెద్దదిగా వచ్చింది. పొగతాగేవారు ఒకవైపు, తాగనివారు ఇంకోవైపు. కారణం తేలికే. ఆరోగ్య బీమా పథకం తన బతుకులో ఏం మారుస్తుందో సగటు మనిషికి స్పష్టంగా తెలియదు. సిగరెట్ పన్ను ఏం చేస్తుందో పొగతాగేవాడికి ప్రతిరోజూ తెలుస్తుంది. జేబు మాట్లాడాలంటే లాభనష్టాలు పెద్దవై ఉండాలి, ఖాయంగా ఉండాలి, దగ్గరలో ఉండాలి, కంటికి కనబడాలి. వీటిలో ఒకటి తగ్గినా గొంతు సన్నబడుతుంది.

ఇవన్నీ కలిసొచ్చిన సందర్భం కాలిఫోర్నియాలో 1978 జూన్‌లో వచ్చింది. ఇళ్ల విలువ పెరిగి, దానితో ఆస్తి పన్నూ పెరిగిపోతుంటే, పన్నును ఆస్తి విలువలో ఒక శాతానికి పరిమితం చేసే పదమూడో ప్రతిపాదనను ఓటర్లు దాదాపు 65 శాతం మద్దతుతో ఆమోదించారు. ఇల్లున్నవారి స్వార్థం అక్కడ స్పష్టంగా కనిపించింది. దాన్ని అధ్యయనం చేసినవారు ఇంకొకటి కూడా గమనించారు. పన్ను తగ్గాలి, సేవలు మాత్రం ఏవీ తగ్గకూడదు అన్నది చాలా మంది కోరిక. ఇది చదివినప్పుడు నాకు మీ మేనిఫెస్టోలే గుర్తొచ్చాయి. అక్కడ ఓటరు ఒక్కసారి పడిన భ్రమను మీరు అచ్చు వేసి ప్రతి ఎన్నికకూ పంచుతున్నారు.

స్విట్జర్లాండ్ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. అక్కడ విధానాల మీదే నేరుగా ఓటు వేస్తారు కాబట్టి మనిషి మనసు కాస్త బాగా కనబడుతుంది. 2012 మార్చిలో, జీతంతో కూడిన కనీస సెలవులను ఏడాదికి నాలుగు వారాల నుంచి ఆరు వారాలకు పెంచుదామా అని అడిగారు. మీ లెక్క ప్రకారం ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. రెండు వారాల సెలవు, జీతంతో! కానీ ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఒక్క ప్రాంతం కూడా మినహాయింపు కాదు. వార్త చదివి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆహా, ఎంత త్యాగం అన్నారు కొందరు. నాకు అది త్యాగంగా కనిపించదు. సెలవులు పెరిగితే చిన్న సంస్థలు కుదేలవుతాయని, ఉద్యోగాలు పోతాయని ప్రత్యర్థులు చెప్పిన మాట వారికి నమ్మదగినదిగా అనిపించింది. అదీ స్వార్థమే, కాకపోతే చూపు కొంచెం దూరం వెళ్లింది.

పన్నెండేళ్ల తర్వాత, 2024 మార్చిలో, అదే దేశాన్ని ఇంకో ప్రశ్న అడిగారు. వృద్ధాప్య పింఛను ఏడాదికి పన్నెండు నెలలకు వస్తోంది, పదమూడో నెల కూడా కలుపుదామా? 58 శాతం మంది కలపమన్నారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆ ప్రతిపాదనలో రాయలేదు. అదే రోజున, పింఛను వయసును 66కు పెంచుదామా అన్న మరో ప్రతిపాదనను దాదాపు నలుగురిలో ముగ్గురు తిరస్కరించారు. పదమూడో నెల వైపు వృద్ధులు యువకుల కంటే ఎక్కువగా మొగ్గారు. అంటే మీ లెక్క ఇక్కడ పారింది. దేశం అదే, పద్ధతి అదే, చాలా వరకు ఓటర్లూ వారే. సెలవుల విషయంలో ఖర్చు ఎవరి మీద పడుతుందో ప్రచారంలో బలంగా వినబడింది. పింఛను విషయంలో ఖర్చు తర్వాత తేలుతుందిలే అన్నట్టు మిగిలింది. పైగా ధరలు పెరిగి, వృద్ధుల రోజులు ఇబ్బందిగా ఉన్న కాలం అది. నేను ఆ ఓటర్లను తప్పుపట్టను. ఖర్చు కనబడినప్పుడు మనిషి ఒకలా ఓటు వేస్తాడు, కనబడనప్పుడు ఇంకోలా వేస్తాడని మాత్రం గుర్తుపెట్టుకున్నాను. ఖర్చును చూపించడమో దాచడమో ఎవరి చేతిలో ఉందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ దేశం సంగతే ఇంకొకటి. అక్కడ మహిళలకు జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు 1971 దాకా లేదు. ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఓటు హక్కున్న పురుషులే. 1959లో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 1971 ఫిబ్రవరిలో మూడింట రెండు వంతుల మంది సరేనన్నారు. మధ్యలో పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో పురుషుల స్వార్థం ఏమీ మారలేదు. ఓటు పంచుకుంటే తమ బలం సగమవుతుందన్నది 1959లోనూ నిజమే, 1971లోనూ నిజమే. మారింది సిగ్గు. ఇంకా ఇవ్వకుండా ఉండడానికి సిగ్గేసింది. మహిళల పోరాటాలు, మారుతున్న లోకం, ఇళ్లలో జరిగిన వాదనలు ఆ సిగ్గును పుట్టించాయి. ఇలాంటి ఓటును మీ సర్వేలు పసిగట్టగలవా? మరో పన్నెండేళ్ల తర్వాత ఏది సిగ్గుపడాల్సిన విషయం అవుతుందో మీ కమిటీలో ఎవరైనా ఆలోచిస్తున్నారా?

మరి అందరూ అందరినీ స్వార్థపరులని ఎందుకు నమ్ముతాం? దీని మీద డేల్ మిల్లర్, రెబెకా రాట్నర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1998లో ప్రచురించిన పని నాకు చాలా ఇష్టం. రక్తదానానికి డబ్బిస్తే ఎంత మంది ముందుకొస్తారు, ఇవ్వకపోతే ఎంత మంది అని అడిగారు. డబ్బు వల్ల ఇతరుల నిర్ణయం మారిపోతుందని జనం ఊహించినంతగా వాస్తవంలో మారలేదు. అంటే మనుషులు ఉన్నదానికంటే ఎక్కువ స్వార్థపరులని మనుషులే అనుకుంటున్నారు. మిల్లర్ తర్వాత ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఈ నమ్మకం వల్ల మనుషులు తమ మంచి పనులకు కూడా స్వార్థపు కారణాలు చెప్పుకుంటారట. సహాయం చేసి, 'ఊరికే, ఏమీ తోచక' అంటారు. ఏదో సమస్య మీద నిరసనకు వెళ్లాలనిపించినా, 'నీకేం సంబంధం' అని అడుగుతారేమో అని వెనక్కి తగ్గుతారు.

ఇప్పుడు మీ సర్వే మనిషి మా గుమ్మం ముందు నిలబడి, 'ఈసారి ఎవరికి? ఎందుకు?' అని అడుగుతాడు. పక్కింటివారు వింటుంటారు. 'న్యాయమనిపించింది కాబట్టి' అంటే నవ్వుతారు. 'మాకు రోడ్డు వేశాడు' అంటే తల ఊపి రాసుకుంటాడు. లోకం అర్థం చేసుకునే కారణం అది. ఆ జవాబులన్నీ పోగుచేసి మీరు మేనిఫెస్టో రాస్తారు. ఆ మేనిఫెస్టో చదివి, ఓహో, లోకమంతా ఇలాగే ఓటు వేస్తోంది కాబోలు, నేనొక్కణ్ణీ పిచ్చివాణ్ణా అని మేం అనుకుంటాం. ఇలా ఒకరి అద్దంలో ఒకరు చూసుకుంటూ కురూపులమవుతున్నాం.

ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌కు ఈ భయం ముందే ఉంది. ఓటు సొంత ఆస్తి కాదు, ఇతరుల తరఫున మనకు అప్పగించిన బాధ్యత అని 1861లో వాదించాడు. అందుకే రహస్య ఓటును వ్యతిరేకించాడు. రహస్యంగా వేస్తే మనిషి దాన్ని తన సొంతానికి వాడుకునే వస్తువుగా చూస్తాడని ఆయన దిగులు. నేను ఆయనతో సగం వరకే నడుస్తాను. బహిరంగంగా ఓటు వేసిన కాలంలో కౌలుదారు భూస్వామి ముఖం చూసి వేసేవాడు. ఆస్ట్రేలియాలో 1856లో, బ్రిటన్‌లో 1872లో వచ్చిన రహస్య ఓటు ఆ మెడ మీది చేతిని తీసేసింది. మిల్ చెప్పిన జబ్బు నిజమే, మందు మాత్రం తప్పు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను.

వృద్ధుడికి పింఛను పెంచితే అది ప్రలోభం. పెద్ద సంస్థకు పన్ను తగ్గిస్తే అది ప్రోత్సాహకం. తినడానికి లేని మనిషి తన ఆకలి చూసుకుని ఓటు వేస్తే స్వార్థం. వాటాలున్న మనిషి తన వాటాల ధర చూసుకుని ఓటు వేస్తే ఆర్థిక వ్యవస్థ పట్ల బాధ్యత. ఈ నిఘంటువు ఎవరు రాశారు? మాన్సర్ ఓల్సన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1965లోనే వివరించాడు. లాభం కొద్దిమందికి పెద్ద మొత్తంలో వస్తూ, నష్టం కోట్ల మందికి తలా కాస్త పంచబడితే, ఆ కొద్దిమంది జట్టు కట్టి పని సాధించుకుంటారు, కోట్ల మంది కదలరు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఎవరి పిడికెడు వారికి బరువనిపించదు. ఆ కొద్దిమందికి ఓటు వేసి అడగాల్సిన అవసరం కూడా ఉండదు. మీ కమిటీ గదిలోకి నేరుగా వస్తారు, కాగితం ఇచ్చి వెళ్తారు. అడగడానికి ఓటు తప్ప మరో దారి లేనివాడి స్వార్థమే బజారున పడుతుంది. అతని మీదే వ్యాసాలు, అతని మీదే చర్చలు.

పేదవాడి స్వార్థం ప్రభుత్వానికి అందే సమాచారం. నీళ్లు రావడం లేదని నీళ్లు రానివాడు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? తన గురించి అడగకుండా దేశ సౌభాగ్యం గురించి మాత్రమే ఆలోచించమని అతనికి హితబోధ చేసే పెద్దమనుషులను నేను చాలా మందిని చూశాను. వాళ్లలో ఒకరికైనా కుళాయిలో నీళ్లు ఆగిపోయిన రోజున దేశ సౌభాగ్యం గుర్తుండడం చూడలేదు.

ఓటర్లను పూర్తిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. మా మీద నాకూ ఒక ఫిర్యాదు ఉంది. అది స్వార్థం ఎక్కువైందని కాదు. స్వార్థం కూడా సరిగ్గా చూసుకోలేకపోతున్నామని. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు 2009లో అమెరికాలో ప్రకృతి విపత్తుల మీద పెట్టిన ఖర్చునూ ఓట్లనూ పోల్చి చూశారు. విపత్తు వచ్చాక సాయం పంచిన పాలకులకు ఓటర్లు ఓట్లతో కృతజ్ఞత చెప్పారు. రాకముందే జాగ్రత్తలకు ఖర్చు పెట్టినవారిని పట్టించుకోలేదు. ముందు జాగ్రత్తకు పెట్టిన ఒక్కో డాలరు తర్వాత జరగబోయే సుమారు 15 డాలర్ల నష్టాన్ని ఆపుతుందని వారి అంచనా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత అనుకున్నాను, ఎన్నికల వ్యూహం అని తెలియలేదు. జరగని వరదకు ఎవరూ దండ వేయరు. కూలని వంతెనకు ఎవరూ ఓటు వేయరు. కట్టకు మట్టి పోయించిన నాయకుడు ఓడిపోయి, కట్ట తెగాక పడవలో వచ్చి పొట్లాలు పంచిన నాయకుడు గెలిస్తే, తప్పు పొట్లం అందుకున్నవాడిది మాత్రమే కాదు, మాలాంటి ఒడ్డున ఉన్నవాళ్లది కూడా. కట్ట పని జరుగుతున్నప్పుడు ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లామో, ఒక్కసారైనా ఆగి చూశామో మాకే తెలియాలి.

మీకు ఈ బలహీనత బాగా తెలుసు. ఎన్నికల ముందు ఖర్చు పెంచి, తర్వాత బిగించే ఆర్థిక చక్రాన్ని అమెరికన్ ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ 1975లోనే సూత్రీకరించాడు. మా జ్ఞాపకం ఎన్ని నెలలు పనిచేస్తుందో మీ దగ్గర కొలత ఉంది. రోడ్ల మరమ్మతులు ఏ ఋతువులో జరుగుతాయో చూస్తే ఆ కొలత మాకూ అర్థమవుతుంది.

కాబట్టి మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. వరాలు మానేయండి అని అడగను. అడిగినా మానరు, మానాల్సిన అవసరమూ లేదు. పింఛను పెంచడం తప్పు కాదు, రుణం మాఫీ చేయడమూ కొన్నిసార్లు తప్పు కాదు. ప్రతి వరం పక్కన ఇంకో రెండు గడులు గీయండి. ఎవరి నుంచి, ఎప్పటి నుంచి. నాకు పింఛను పెరిగితే ఎవరికి ఏది తగ్గుతుందో రాయండి. అప్పు చేసి ఇస్తుంటే తీర్చేవాడి వయసు ఇప్పుడు ఎంతో రాయండి. ఇది జరగని పని అనకండి. నెదర్లాండ్స్‌లో ఒక ప్రభుత్వ ఆర్థిక విశ్లేషణ సంస్థ 1986 నుంచి పార్టీల ఎన్నికల ప్రణాళికలను ఖర్చుతో సహా లెక్కగట్టి, ఓటు వేయకముందే జనం ముందు పెడుతోంది. పార్టీలు తమంతట తామే ప్రణాళికలు ఇస్తాయి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదని అడుగుతారు కాబట్టి చాలా పార్టీలు ఇస్తాయి. ఆస్ట్రేలియా పార్లమెంటుకూ 2012 నుంచి ఇలాంటి బడ్జెట్ కార్యాలయం ఉంది. ఈ లెక్కలు తప్పులు లేనివని ఎవరూ అనడం లేదు. లెక్క తప్పితే సరిదిద్దవచ్చు. లెక్కే లేకపోతే దేన్ని సరిదిద్దుతాం?

రెండో కోరిక కొంచెం విచిత్రంగా అనిపించవచ్చు. ప్రతి మేనిఫెస్టోలో ఒక్క పుట, ఆ పథకం వల్ల ఏమీ దక్కనివారికి రాయండి. చదువుకునే పిల్లలు లేని ఇంటికి, బడుల మీద ఎందుకు ఖర్చు పెడుతున్నామో చెప్పండి. నిండు ఆరోగ్యంతో ఉన్న యువకుడికి, ముసలివారి మందులు అతని బాధ్యత ఎందుకవుతాయో చెప్పండి. ఒప్పించలేకపోతే ఒప్పించలేరు. కానీ ఎవరికి దక్కుతుందో వారితో మాత్రమే మాట్లాడే అలవాటు మీకు ఎంత ముదిరిందంటే, దక్కనివారితో ఏం మాట్లాడాలో కూడా మర్చిపోయారు. దేశమంటే చాలా వరకు ఏదో ఒక పథకం దక్కనివాళ్లే. నాకు తెలిసి 1971లో మహిళలకు ఓటిచ్చిన ఆ స్విట్జర్లాండ్ పురుషులకు ఎవరూ ఏ తాయిలమూ ఇవ్వలేదు. ఎదురుగా నిలబడి అడిగారు, పదేపదే అడిగారు.

మళ్లీ సర్వేల కాలం వస్తోంది. ఈసారి మీ మనిషి మా ఇంటికి వచ్చినప్పుడు, 'మీకేం కావాలి' అన్న పాత కాగితం పక్కన పెట్టి, 'మీకు రాకపోయినా ఎవరికి రావాలనుకుంటున్నారు' అని అడగమనండి. నా దగ్గర మూడు పేర్లు సిద్ధంగా ఉన్నాయి. పక్కింటావిడను కూడా అడగమనండి. ఆవిడ జాబితా ఇంకా పెద్దది, తలుపు దగ్గర నిలబడి చెప్పేది కాదు. కూర్చోవడానికి తీరిక ఉన్న మనిషిని పంపండి.

ఇట్లు,
మీ పట్టికలో మూడు చోట్ల కనబడే ఒక ఓటరు